శుక్రవారం తోమిన కారు

మా ఇంట్లో ఒకప్పుడు కారు ఉండేది. ఈ మాట నేను పుట్టినప్పటి నుంచి వింటున్నాను, మాటలు వచ్చినప్పటి నుంచి చెబుతున్నాను. బెళుగుప్ప పక్కనున్న మా ఊళ్లో పొలం పోయింది, పెద్దిల్లు పోయింది, చివరికి ఇంటి ముందు అరుగు కూడా రోడ్డు వెడల్పులో పోయింది. ఆ మాట ఒక్కటే మిగిలింది. దాన్ని ఏ బ్యాంకూ జప్తు చేయలేదు.

ఆ మాట వెనక ఒక కథ ఉంది. మా జేజినాయన, అంటే మా నాయనకు నాయన, ఇంగ్లండు నుంచి కారు తెప్పించాడు. అది ఓడలో మద్రాసు రేవుకు వచ్చింది. ఓడ కెప్టెన్ స్వయంగా కిందికి దిగి జేజినాయనతో చేయి కలిపాడు. ఆ కారు తాలూకాలో మొదటిది. దాంతోపాటు ఒక డ్రైవరు కూడా వచ్చాడు. అతను మాట్లాడే భాష ఊళ్లో ఎవరికీ అర్థమయ్యేది కాదు. కాబట్టి అది ఇంగ్లీషు.

నాకు ఏడేళ్లప్పుడు, వరసగా వానలు లేని ఏడాదుల్లో, ఆ కారు అమ్మేశారు. నాకు గుర్తున్నది మూడే. దాని నేరేడుపండు రంగు, వెనక సీటు తోలు వాసన, కిటికీలకు వేలాడే చారల పరదాలు. మా ఇంటి ఆడవాళ్లు ఘోషా. పరదా లేకుండా కారు కదిలేది కాదు. అత్తర్ల షాపు నడిచిపోతున్నట్టు ఉండేదని ఊళ్లో వెనకాల నవ్వేవాళ్లట.

మూడేళ్ల కిందట, మేం ఇప్పుడు ఉంటున్న అనంతపురంలోనే, ఒక పెళ్లికి పోయాను. భోజనాల దగ్గర, అలవాటు ప్రకారం, కారు కథ మొదలుపెట్టాను. కెప్టెన్ చేయి కలిపే దగ్గరికి వచ్చాను. ఎదురుగా కూర్చున్న కుర్ర కాంట్రాక్టరు, మా దూరపు చుట్టాలింటి అల్లుడు, ఓళిగ మీద నెయ్యి పోయించుకుంటూ తలెత్తాడు.

"ఫొటో ఉండాదా మామా?"

లేదు. ఫొటో తీయించుకుంటే ఆయుష్షు తగ్గుతుందని మా జేజినాయన నమ్మకం. కారుకు కూడా తగ్గుతుందనుకున్నాడేమో, దానికీ తీయించలేదు.

"ఫొటో లేకుంటే ఎట్ల మామా? అట్లయితే మా జేజికి గూడా ఏరోప్లేనుండేది."

ఆ పంక్తి మొత్తం నవ్వింది. వడ్డించేవాడు కూడా నవ్వాడు. నేను నడుము వంచకుండా ఓళిగ పూర్తిచేసి, చేయి కడుక్కుని వచ్చేశాను. నాకు వీపు నిటారుగా ఉంటుంది. అది వంశలక్షణమని నా అభిప్రాయం. వెన్నుపూస అరిగిపోవడం వల్లనని డాక్టరు అభిప్రాయం. ఏమైతేనేం, ఆ రోజు నుంచి నాకు ఒకటే పట్టుదల. ఆ కారు ఎక్కడున్నా కనుక్కోవాలి, తెచ్చి వాడి గుమ్మం ముందు ఆపాలి.

కొనే స్తోమత ఎక్కడిదంటారా? బ్యాంకు కూడా వద్దని మాకే వదిలేసిన గుట్ట మీద శెనక్కాయ కూడా పండదు. అక్కడ గాలితో కరెంటు తీసే కంపెనీవాళ్లు రెండు పెద్ద ఫ్యాన్లు పెట్టారు. మూడు తరాలుగా మా మీద నుంచి మేఘాలను తోసుకుపోయిన గాలే ఇప్పుడు మాకు బాడుగ కడుతోంది. ఆలస్యంగానైనా బుద్ధి తెచ్చుకుంది.

రెండేళ్లు వెతికాక కారు ధర్మవరంలో తేలింది. ఒక పట్టుచీరల వ్యాపారి దాన్ని కొట్టు ముందు షెడ్డులో నిలబెట్టాడు. చీరలు కొన్న పెళ్లికూతుళ్లు దాని పక్కన నిలబడి ఫొటోలు దిగుతారు. దాని మీద బోర్డు కూడా రాయించాడు: "బెళుగుప్ప పెద్దింటి దొరగారి అసలైన ఇంగ్లండు కారు." ఆ బోర్డు చూడగానే నా గుండె ఒక్కసారి ఎగిరింది. మరుక్షణమే అనుమానం వచ్చింది. మా ఊరివాళ్లకే గుర్తులేని మమ్మల్ని ధర్మవరంలో ఇంత గౌరవంగా బోర్డు మీదికి ఎక్కించారంటే ఏదో తేడా ఉంది.

అందుకని మేస్త్రీని వెంటబెట్టుకుని పోయాను. ఆయన అనంతపురం పాతూరులో కార్లు బాగుచేసే షెడ్డు ఉన్న ముసలి సాయిబు. డెబ్బై దాటాయి. పాత బండ్ల విషయంలో ఆయన మాటే ఆఖరు. నేను ఆయన్ను మేస్త్రీ అంటాను, ఆయన నన్ను దొరసాబ్ అంటాడు. ఆ పిలుపులో మర్యాద ఎంతో వెటకారం ఎంతో నేను ఇంతవరకు లెక్క తేల్చలేదు.

వ్యాపారి మమ్మల్ని తెల్ల పరుపుల మీద కూర్చోబెట్టి, టీ తెప్పించి, రిజిస్ట్రేషను పుస్తకం ముందర పెట్టాడు. మొదటి పేజీలు లేవు.

"చెదలు తినేసినాయన్నా," అన్నాడు.

"చెదలు సరిగ్గా మొదటి ఓనరు పేరు దాకా తిని ఆపేసినాయా? చదువుకున్న చెదలే," అన్నాడు మేస్త్రీ.

పుస్తకంలో మిగిలిన పేర్లన్నీ మా తర్వాతవాళ్లవి. ఒక గానుగ యజమాని, ఒక లాయరు, ఒక సినిమా హాలాయన. మా పేరు ఉండాల్సిన చోట చెదపురుగు ఉంది.

మేస్త్రీ షెడ్డులోకి పోయి చొక్కా విప్పి పనిలో పడ్డాడు. ఆయన సంచిలోంచి మొదట తీసింది ఒక నల్లటి గుండ్రటి ముక్క. పాత స్పీకరులోంచి పీకిన అయస్కాంతం. దానికి గుడ్డ చుట్టి కారు ఒంటి మీద అంగుళం అంగుళం జరిపాడు. రేకు ఉన్నచోట టప్పున పట్టుకుంటుంది. రేకు తుప్పు పట్టిపోయి లప్పం పెట్టి నునుపు చేసినచోట జారిపోతుంది. ఆ కారు మీద అది చాలాచోట్ల జారింది.

"ఇది కారు కాదు సాబ్, సగం గోడ. సున్నం కొట్టుకోవచ్చు," అన్నాడు.

ఇంజను చూశాడు. అది ఎప్పుడో జీపు ఇంజనుగా మారింది. గేరుబాక్సు ఇంకెవరిదో. మేస్త్రీ ఒక్కో భాగం తట్టి దాని పుట్టుక చెబుతుంటే, నాకు మా చుట్టాల సంబంధాలు వింటున్నట్టే ఉంది. చివరికి బానెట్టు కింద, ఇంజనుకు వెనకున్న రేకు గోడ మీద, రెండు స్క్రూలతో బిగించిన ఇత్తడి పలక దగ్గర ఆగాడు. పాత కార్లకు ఆ పలక జాతకం లాంటిది. కంపెనీవాళ్లు బండి నెంబరు దాని మీదే కొడతారు.

పలక నున్నగా ఉంది. అద్దంలా ఉంది. దాని మీద ఒక్క అంకె లేదు, ఒక్క అక్షరం లేదు.

మేస్త్రీ నుదురు తుడుచుకున్నాడు. "అయిపాయ. నెంబరు అరగదీసినారంటే అర్థం ఒకటే సాబ్. దొంగబండి. లేదంటే నాలుగు బండ్లు కోసి ఒకటి చేసిన బండి. రండి పోదాం."

వ్యాపారి అడ్డం వచ్చాడు. "అట్లంటావేమప్పా? ఇది పెద్దింటి కారని మా నాయన దగ్గర్నుంచి చెప్పుకుంటాండాం."

"మేం గూడా చాలా చెప్పుకుంటాం," అన్నాడు మేస్త్రీ నా వైపు చూడకుండా. తర్వాత కొంచెం మెత్తబడ్డాడు. "నెంబర్లు పోయినాంక మనుషుల్ని అడగల్ల. దీంట్లో కూసున్నోళ్లు ఎవురైనా బతికుండారా సాబ్?"

ఒకరున్నారు. మా మేనత్త.

అత్తను కుందుర్పికి ఇచ్చారు. భర్త పోయాక, పదేళ్లుగా అనంతపురంలో మా ఇంట్లోనే ఉంది. ఎనభై నాలుగేళ్లు. కళ్లు తగ్గాయి, చెవులు తగ్గాయి, నోరు మాత్రం తగ్గలేదు. కారు వెతుకుతున్నానని ఆమెకు చెప్పలేదు. చెబితే ఏమంటుందో తెలుసు. ఇప్పుడు చెప్పక తప్పలేదు. అదే అంది.

"నడిచేదానికి మోకాళ్లు లేవు, నీకు కారెందుకురా అబ్బీ?"

"మోకాళ్లు లేనందుకే అత్తా."

"ఆ అల్లుడు పిల్లోడు అన్నందుకా? వాడు అనకుంటే నేనే ఏదో ఒకరోజు అందును." ఆ వెంటనే, "యాడుండాది?" అని అడిగింది. ఆ ఒక్కమాటలో గొంతు వేరుగా ఉంది.

మరుసటి శుక్రవారం ఆటోలో ముగ్గురం ధర్మవరం పోయాం. అత్తను చూడగానే వ్యాపారి చేతులు జోడించి, అలవాటు కొద్దీ ఆమె ఒళ్లో ఒక చీర పరిచాడు. ఆమె ఆ చీర కొంగు చివర జరీ పోగును గోటితో ఒకసారి గీకి, మునివేళ్లతో నలిపి, చీర మడత పెట్టి తిరిగి ఇచ్చేసింది.

"ఇది మా ఇంటికి పెట్టిపోతల్లో వచ్చేది నాయనా, కట్టుకునేదానికి కాదు. కారు చూపీ."

వ్యాపారి ఆ తర్వాత ఆమెకు ఇంకో చీర చూపలేదు.

అత్త కారు ముందువైపు అసలు చూడలేదు. బోర్డు వైపు చూసింది గానీ చదవలేకపోయింది, మేము చదివి వినిపించలేదు. సూటిగా వెనక తలుపు దగ్గరికి పోయింది. ఎక్కడానికి పావుగంట పట్టింది. లోపల కూర్చుని కాళ్లు కూడదీసుకుని, కిటికీ పైన చెక్క పట్టీ మీద వేళ్లు నడిపించింది. అక్కడక్కడా ఆగింది.

"ఈడొకటి. ఈడొకటి. అవతల పక్క గూడా రెండుండల్ల చూడు సాయిబూ."

మేస్త్రీ బ్యాటరీ లైటు వేసి, చిన్న ఉలితో లప్పం గీకాడు. రంధ్రాలు బయటపడ్డాయి. ఇటు రెండు, అటు రెండు.

"పరదా కమ్మీలకు కొట్టిన రంధ్రాలు," అంది అత్త. "ఒకటి వంకర పోయింది. మా అమ్మ వడ్లంగిని తిట్టిన తిట్లు నాకింకా గుర్తుండాయి."

ఒకటి నిజంగానే వంకరగా ఉంది.

నాకు ఆ వంకరే చాలింది. మేస్త్రీకి చాలలేదు. "పరదాలు చానా ఇండ్లల్లో కట్టినారు అమ్మీ. ఆ వంకర గూడా చానా ఇండ్లల్లో ఉంటుంది. నాకు ఆ పలక సంగతి తేలల్ల. నెంబరు ఎవురు అరగదీసినారు?"

"ఏ పలక?"

"బానెట్టు కింద ఇత్తడి పలక."

అత్త తన కుడిచేతి బొటనవేలు వైపు చూసుకుని, పండ్లు లేని నోటితో నవ్వడం మొదలుపెట్టింది.

"నేనే."

సంగతి ఇది. కారు వచ్చిన ఏడాది ఆయుధపూజకు అయ్యవారు వచ్చి బండి అంతా పసుపు కుంకుమలు పెట్టాడు. బానెట్టు ఎత్తించి, లోపల ఇత్తడి పలక కనిపిస్తే దానికీ ఒక బొట్టు పెట్టాడు. అది మా జేజి, అంటే అత్త వాళ్ల అమ్మ, చూసింది. మా ఇంట్లో ఒక నియమం ఉండేది. బొట్టు పడిన ఇత్తడి ఏదైనా అది పూజసామానే. పూజసామాను శుక్రవారం శుక్రవారం చింతపండు, ఇటుకపొడి పెట్టి తోమాల్సిందే. గంట, హారతిపళ్లెం, దీపపు సెమ్మెలు, వాటి వరసలో కారు పలక కూడా చేరింది. తోమే పని ఇంట్లో ఆడపిల్లది. అంటే అత్తది.

"శుక్రవారం తెల్లారితే డ్రైవరు బానెట్టు ఎత్తి పట్టుకుని నిలబడేవాడు. నేను ముక్కాలిపీట ఎక్కి తోమేది. మా అమ్మ గడపలో నిలబడి, 'మెరవలేదే, ఇంకా తోము' అనేది. అంకెలుంటే సందుల్లో నలుపు నిలబడుతుంది కదా? ఆ నలుపు పోయేదాకా తోమినా. పన్నెండేండ్లు తోమినా. నలుపూ పోయింది, అంకెలూ పోయినాయి. మా అమ్మ అప్పుడు గానీ బాగుందనలేదు."

మేస్త్రీ కింద కూర్చుండిపోయాడు. నవ్వుతూ నవ్వుతూ దగ్గు వచ్చి, వ్యాపారి నీళ్లు తెచ్చి ఇవ్వాల్సి వచ్చింది.

"యా అల్లా! నలభై ఏండ్లుగా నెంబర్లు కొట్టేసే దొంగల్ని చూసినా. చింతపండు పెట్టి కొట్టేసిన దొంగను ఈ పొద్దే చూస్తాండా!"

తర్వాత లేచి పలకను మళ్లీ పరిశీలించాడు. ఈసారి భూతద్దం పెట్టాడు. ఆకురాయితో అరగదీస్తే గీతలు ఒకే వైపు వరసగా పోతాయట. ఈ పలక మీద గీతలన్నీ చుట్లు చుట్లుగా ఉన్నాయి. చిన్న పిల్ల బొటనవేలు తిరిగినట్టు. మధ్యలో పల్లం, అంచుల్లో మందం. చెంబు అడుగు తోమితే ఎట్లా అరుగుతుందో అట్లా.

"మీదే సాబ్. శక్ లేదు. ఇంకో ఇంటివాళ్లకు ఈ బుద్ధి పుట్టదు," అన్నాడు.

అక్కడితో మేము డబ్బు కట్టి బండి తోలుకుపోయి ఉంటే ఈ కథ వేరుగా ఉండేది. నా కథ అట్లాగే ఉండేది. కానీ మేస్త్రీకి పని మొదలుపెడితే మధ్యలో ఆపే అలవాటు లేదు. వెనకవైపు రంధ్రాలు దొరికాయి కదా అని అయస్కాంతాన్ని మళ్లీ తీసి, ముందు అద్దం పక్కన, ఎడమ వైపు రేకు మీద పెట్టాడు. అది మూడుచోట్ల జారింది. ఆ మూడుచోట్లా లప్పం గీకాడు. మూడు రంధ్రాలు, ముక్కోణంలో.

ఆయన నవ్వు ఆగిపోయింది. కారు పైకప్పు మీద ఒక మూల, గోటి వెడల్పున, రంగు గీకడం మొదలుపెట్టాడు. పైన వ్యాపారి వేయించిన మీగడ రంగు. దాని కింద ఒక ఆకుపచ్చ. దాని కింద నేరేడుపండు.

"మాదే!" అన్నాను నేను. రంగు చూడగానే ఏడేళ్లవాణ్ణయిపోయాను.

ఆయన ఇంకా గీకాడు. నేరేడుపండు కింద పసుపు బయటపడింది. మెరిసే పసుపు, బంతిపువ్వులాంటిది.

"దొరసాబ్," అన్నాడు మెల్లగా, "నేను పన్నెండేండ్లప్పుడు బొంబాయికి పారిపోయి, ట్యాక్సీల కింద పండుకుని ఈ పని నేర్చుకున్నా. ఎడమ పక్క మూడు రంధ్రాలంటే బాడుగ మీటరు బిగించేదానికి. పైన పసుపంటే..."

"మేం అమ్మినాంక ఎవురో ట్యాక్సీకి తిప్పింటారు," అన్నాను. నేను సాధారణంగా అట్లా మాట్లాడను. ఆ క్షణంలో నా భాష కూడా కిందికి దిగింది.

"రంగు అట్ల చెప్పడం లేదు సాబ్. మీ రంగు పైనుండాది. పసుపు కిందుండాది. ముందొచ్చింది కిందుంటాది కదా."

పక్కన ఎక్కడో మగ్గం టకటకలాడుతోంది. కారు లోపలి నుంచి అత్త గొంతు వినిపించింది.

"మీటరు రంధ్రాలు దొరికినాయా?"

తిరిగి చూశాను. ఆమె సీటులో వెనక్కి ఆనుకుని, పైట సర్దుకుంటూ ఉంది.

"నీకు తెలుసా అత్తా?"

"నాకు తెలీకుంటే ఎవురికి తెలుస్తాది? శుక్రవారం శుక్రవారం ఆ డ్రైవరు నా పక్కన నిలబడేవాడు కదా. వానిది మరాఠీ రా. మీరంతా ఇంగ్లీషనుకున్నారు. నాకు రెండేండ్లలో వచ్చేసింది."

ఒక ఏడాది శెనక్కాయకు మంచి ధర వచ్చి జేజినాయన బొంబాయి పోయాడట. మండీ బయట ట్యాక్సీ ఎక్కాడు. ఆ మెత్తటి సీటు మీద, తలపాగా పైకప్పుకు తగలకుండా, వీపు ఆనించకుండా కూర్చున్నాడు. బస దగ్గరికి వచ్చింది. దిగబుద్ధి కాలేదు. ఇంకొంచెం పోనీయమన్నాడు. సముద్రం చూశాడు, మళ్లీ పోనీయమన్నాడు. మూడు రోజులు అదే ట్యాక్సీలో తిరిగి, మూడో రోజు సాయంత్రం దాని యజమానిని పిలిపించి బండిని కొనేశాడు. డ్రైవరు పెండ్లికాని మనిషి, అతనూ వచ్చేశాడు. దారిలో ఒకచోట ఆగి రంగు మార్చారు.

"ఊరికి రాంగానే జనం మూగి, యాడిదీ కారని అడిగినారు. నాయన 'దూరం నించి' అన్నాడు. అంతే అన్నాడు. ఇంగ్లండు మీ నాయన కలిపినాడు. ఓడ మీ చిన్నాయన కలిపినాడు. ఆ కెప్టెనో ఎవడో, వాణ్ణి ఎవురు తెచ్చినారో నాకు తెలీదు."

నాకు తెలుసు. కెప్టెన్‌ను తెచ్చింది నేను. కాలేజీ రోజుల్లో, హాస్టల్లో, ఒక రాత్రి కథకు కొంచెం బలం కావాల్సి వచ్చింది. ఎన్నిసార్లు చెప్పానంటే, అతని టోపీ, మీసం, చేయి కలిపేటప్పుడు చేతికున్న తెల్ల గ్లౌజు, అన్నీ నాకే జ్ఞాపకంగా మారిపోయాయి.

"ఇన్నేండ్లు ఎందుకు చెప్పలేదు అత్తా?"

"నన్నెవురడిగినారు? మీరు చెప్పుకుంటాంటే వినేదానికి బాగుండేది. ఏటికేడు పెరుగుతాండ్య."

ఇప్పుడు అసలు చిక్కు వచ్చింది. పుస్తకంలో మొదటి పేజీలు లేవు కాబట్టి, బండి నా పేరుకు మారాలంటే, ఇది మొదట మా కుటుంబానిదేనని, మాకు ఎట్లా వచ్చిందో చెబుతూ వారసుడు స్టాంపు కాగితం మీద రాసి సంతకం పెట్టాలి. ఆ సంగతి ఆర్టీవో ఆఫీసు దగ్గరి ఏజెంటు ముందే చెప్పాడు. నేను ముందే రాసుకుని జేబులో పెట్టుకుని వచ్చాను. ఒక పేజీ నిండా, దర్జాగా, ఓడతో సహా. కెప్టెన్‌ను కూడా ఒక వాక్యంలో ఇరికించాను.

ఆ కాగితం తీసి చూసుకున్నాను. నా ముందు రెండు దారులు ఉన్నాయి. ఇది మాది కాదు అని ఇంటికి పోవచ్చు. కారు పోతుంది, కథ మిగులుతుంది. లేదా మాదే అనొచ్చు. అప్పుడు ఆ అల్లుడి ముందు పెట్టడానికి సాక్ష్యం దొరుకుతుంది. కాకపోతే ఆ సాక్ష్యం నేను అడిగినదానికంటే ఎక్కువ మాట్లాడుతుంది.

వ్యాపారి మూడో దారి చూపించాడు. నా పక్కన చేరి గొంతు తగ్గించాడు.

"అన్నా, నువ్వు రాసిందే ఉండనీ. మీటరు సంగతి ఎవురికి తెల్సు? రంధ్రాలకు లప్పం పెట్టిస్తా, పైన రంగు కొట్టిస్తా. ఎన్నో పెండ్లికూతుళ్లు ఇంగ్లండు కారని ఫొటో దిగిపోయినారు. ఇప్పుడు ట్యాక్సీ అంటే వాళ్ల మొగుళ్లు నన్ను అడుగుతారు."

"సాబ్ ఇష్టం," అన్నాడు మేస్త్రీ చొక్కా వేసుకుంటూ. "నేనేం చూళ్లేదు."

ఒక సంగతి ఒప్పుకోవాలి. మా ఇంట్లో అబద్ధాలు తక్కువేమీ కాదు. పెళ్లిళ్లలో చెప్పాం, పంచాయితీల్లో చెప్పాం, అప్పులవాళ్లకు చెప్పాం. నోటితో చెప్పాం. కానీ సంతకం పెట్టి అబద్ధం ఆడిన మనిషి మా ఇంట్లో లేడు. ఆస్తి అంత నున్నగా చేజారింది కూడా అందుకే. ఎవరు ఏ కాగితం తెచ్చి "ఇది మీ సంతకమేనా" అని అడిగినా, మా వాళ్లు చూసి "మాదే" అన్నారు. కాదని ఒక్కరన్నా అని ఉంటే ఇప్పటికి ఆ అరుగైనా మిగిలేది.

"అత్తా, దిగు. ఆలోచించుకుని రేపొద్దాం," అన్నాను.

"నేను దిగను."

"అత్తా..."

"ఎక్కేదానికి పావుగంట పట్టింది. ఎక్కినాంక దిగేది మన ఇంట్లో లేదు. నాయన దిగినాడా? మూడు రోజులు దిగలేదు. నువ్వు రాయాల్సింది రాసుకో పో. నేనీడ కూసుంటా."

ఆమె చెప్పింది నిజమే. మా వంశంలో ఎక్కినవాళ్లు తమంతట తాము దిగింది లేదు. దింపితేనే దిగారు.

తెల్ల పరుపు మీద కూర్చుని, కొత్త కాగితం అడిగి, మళ్లీ రాశాను. ఓడ పోయింది. మద్రాసు పోయింది. కెప్టెన్‌ను తీసేసేటప్పుడు మాత్రం చేయి కొంచెం ఆగింది. నలభై ఏళ్ల స్నేహం. "పై వాహనం బొంబాయి నగరంలో బాడుగకు తిరుగుచుండగా, మా జేజినాయనగారు అందులో ఎక్కి, దిగుటకు ఇష్టపడక, యజమాని వద్ద కొనుగోలు చేసిరి" అని రాసి, కింద సంతకం పెట్టాను. మేస్త్రీ సాక్షి సంతకం చేశాడు. చేసేముందు రెండుసార్లు చదివి, "ఇంత మంచి కాగితం నేనెప్పుడూ చూళ్లేదు దొరసాబ్" అన్నాడు. ఈసారి ఆ పిలుపులో వెటకారం వినబడలేదు. నాకు చెవులు తగ్గుతున్నాయేమో.

వ్యాపారి బోర్డు తీయించేటప్పుడు చావింట్లో ఉన్నట్టు నిలబడ్డాడు.

కాగితాలన్నీ పూర్తయ్యేసరికి ఇంకో రెండు వారాలు పట్టింది. బండి తెచ్చుకునే రోజు అత్త మళ్లీ వచ్చింది, మళ్లీ పావుగంట ఎక్కింది. తోలింది మేస్త్రీ. మా ఇంట్లో మగవాళ్లకు డ్రైవింగు నేర్చుకునే అలవాటు లేదు. కారు అమ్మేసి యాభై ఏళ్లు దాటినా ఆ అలవాటు మేము పోనివ్వలేదు. నేను ముందు సీట్లో ఎడమ వైపు కూర్చుని, చేయి కిటికీ బయట పెట్టాను. వేళ్లకు ఆ మూడు రంధ్రాలు తగులుతూ ఉన్నాయి. లప్పం పెట్టొద్దని నేనే చెప్పాను.

రాప్తాడు దగ్గర హైవే మీదికి వచ్చాం. అల్లుడి ఇల్లు అనంతపురంలో ఎక్కడో, ఎట్లా పోవాలో, ఎక్కడ ఆపి ఎన్నిసార్లు హారను కొట్టాలో మేస్త్రీకి చెబుతున్నాను. ముందర బస్టాపులో ఒక ముసలి రైతు, భుజం మీద పురుగులకు కొట్టే మందుడబ్బా, చంకలో సంచి, చేయి అడ్డం పెట్టాడు. ఎంత నిబ్బరంగా పెట్టాడంటే మేస్త్రీ కాలు దానంతట అదే బ్రేకు మీదికి పోయింది.

అతను వంగి లోపలికి చూశాడు. నన్ను, అత్తను, ఖాళీ చోటును.

"టవరు క్లాకు దాకా ఎంతప్పా?"

మేస్త్రీ రోడ్డు వైపు చూస్తూ మీసం సవరించుకున్నాడు. నా వీపు ఎంత నిటారుగా ఉండగలదో అంత నిటారుగా అయింది. వెనక నుంచి అత్త తలుపు గొళ్లెం తీసిన చప్పుడు వినబడింది.

"ఎక్కు నాయనా. ఆ డబ్బా కాళ్లకాడ పెట్టుకో. ఏ ఊరు మీది? వాన పడిందా?"

"యాడమ్మా వాన. మబ్బు పట్టింది, పోయింది."

అనంతపురం వచ్చేదాకా వాళ్లిద్దరూ వాన గురించే మాట్లాడుకున్నారు. వచ్చిన వాన గురించి కాదు, రాని వానల గురించి, ఏడాది వారీగా. వాటిలో మా కారు అమ్మేసిన ఏడాది కూడా వచ్చింది. ఆ ఏడాది వాళ్ల నాయన ఎద్దులను అమ్మాడట. అతను ఆ మాట చెప్పి ఊరుకున్నాడు. ఎద్దుల గురించి కథేమీ చెప్పలేదు. నేను ఎదురుచూశాను, చెప్పలేదు.

టవరు క్లాకు దగ్గర దిగి, నా కిటికీ దగ్గరికి వచ్చి ఇరవై రూపాయల నోటు చాపాడు.

"వద్దు పెద్దాయనా. ఇది బాడుగ కారు కాదు," అన్నాను.

అతను కదల్లేదు. నోటు అట్లాగే చాపి పట్టుకున్నాడు. నన్ను కింది నుంచి పైదాకా ఒకసారి చూశాడు.

"ఊరికె ఎక్కేటోని మాదిరి కనపడుతాండానా నీకు?"

అతని వీపు నా వీపుకంటే నిటారుగా ఉంది. మందుడబ్బా బరువుతో సహా.

నోటు తీసుకున్నాను. అల్లుడి ఇంటికి దారి ఎటని మేస్త్రీ అడిగాడు. మా ఇంటికే పోనీయమన్నాను. ఆ రోజు శుక్రవారం, అత్త పొద్దున్నే చింతపండు నానబెట్టి వచ్చింది.